టై కట్టుకొచ్చిన పెద్దాయన

"ఆ గౌను విప్పుతావా, నన్నిక్కడే కూర్చుని ఏడవమంటావా?"

తల్లి అరుపుకి సంఘం హాలు ముందు చేరినవాళ్ళంతా తిరిగి చూశారు.

కొడుకు బ్యాంకులో క్యాషియర్. ఇవాళ మాత్రం నెమలికంఠం రంగు గౌను వేసుకున్నాడు. అంచు నేలని ఊడుస్తోంది. కనురెప్పల మీద మెరుపులు, తలమీద ఈకల కిరీటం.

కాసేపట్లో ప్రైడ్ ఊరేగింపు. ఆడా మగా అని లోకం గీసిన గీతల్లో ఇమడని వాళ్ళు ఏడాదికొకసారి తలెత్తుకుని నడిచే రోజు.

మోటారు సైకిల్ మీద పోతున్నవాడెవడో కేకేశాడు. "సర్కస్ ఎప్పుడొచ్చిందిరోయ్!"

ఎదురుగా బేకరీవాడు షట్టరు సగం దించేసి, ఆ సందులోంచే చూస్తున్నాడు. చూడడం పాపం, చూడకపోవడం నష్టం అన్నట్టుంది అతని వాలకం.

ఆమె చేతిసంచీలోంచి చొక్కా, ప్యాంటు తీసింది. పొద్దున్నే ఇస్త్రీ చేసి తెచ్చింది.

"నడవొద్దనడం లేదురా. ఇవి వేసుకుని నడువు. ఆ వేషంలో వీధినపడితే గుమ్మం తొక్కనివ్వనన్నారు మీ నాన్న. చొక్కా వేసుకున్నావంటే నేనేదో నచ్చజెప్పుకుంటాను."

"చొక్కా ఏడాదంతా వేసుకుంటూనే ఉన్నాను కదమ్మా. నచ్చజెప్పావా?"

ఆమెకి కోపం ముంచుకొచ్చింది.

"పో! ఊరందరి ముందూ పగటివేషం కట్టుకుని ఊరేగు!"

విసురుగా వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

ఆ బెంచీకి ఆ చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, నల్ల టై, పాలిష్ చేసిన బూట్లు. నెరిసిన జుట్టు పక్కపాపిడి తీసి నున్నగా దువ్వుకున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె కంటికి మనిషిలా కనిపించినవాడు ఆయనొక్కడే.

"చూశారా అన్నయ్యగారూ! ఒకడు రెక్కలు కట్టుకున్నాడు. ఒకతి మీసం అంటించుకుంది. వేసుకున్నవాళ్ళకి లేదుగానీ చూసేవాళ్ళకి సిగ్గేస్తోంది."

ఆయన చిన్నగా నవ్వాడు. "మీ అబ్బాయా?"

"ఒక్కగానొక్కడు. దేవుడు తప్పు చెయ్యడంటారు. మరి వీణ్ణిలా ఎందుకు చేశావని ప్రార్థనలో రోజూ అడుగుతూనే ఉన్నాను."

"ఏమన్నాడు?"

"ఆయనా మా ఆయన లాంటివాడే. పలకడు."

పెద్దాయన ఈసారి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి కొండంత అండలా తోచింది. చెయ్యూపి కొడుకుని పిలిచింది.

"ఒరేయ్, ఇటు రా. వీరిని చూసి నేర్చుకో. బట్టలంటే అలా ఉండాలి. మీరైనా వాడికి నాలుగు మంచి ముక్కలు చెప్పండి అన్నయ్యగారూ."

పెద్దాయన లేచాడు. గౌను చేతి అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని, రెప్పవెయ్యకుండా చూశాడు.

"ఎంత బాగుందో! ఎక్కడ కుట్టించావు బాబూ? నా కొలతకి ఇలాంటిది దొరుకుతుందంటావా?"

వెనకెవరో కిసుక్కున నవ్వారు. కొడుకు ముఖం వాడిపోయింది.

ఊరేగింపు వరసలు సర్దుతున్న పిల్ల మెడలో ఈలతో పరుగెత్తుకొచ్చింది.

"చెయ్యి తియ్యండి ముందు! పోయినేడూ మీలాంటాయనే వచ్చాడు. ఇలాగే టై కట్టుకుని, ఇలాగే తియ్యగా మాట్లాడి ఫోటోలు తీసుకుపోయాడు. అవి ఆఫీసులకి చేరాయి. మావాళ్ళ ఉద్యోగాలు ఊడాయి."

"కాదు తల్లీ, నన్ను ఇక్కడికి..."

"తెలుసులే తాతా, ఎవరు పంపారో! ఇంక దయచెయ్యండి."

ఈలోగా తల్లి లేచింది. చేతిలోని చొక్కా కిందపడ్డా చూసుకోలేదు.

"నా కొడుకుని నేను తిడతాను, కావాలంటే నాలుగు తగిలిస్తాను. ఎకసెక్కాలాడడానికి నువ్వెవరయ్యా? పెద్దమనిషివనుకుని మర్యాదిస్తే నా ముందే వాణ్ణి పట్టుకుని వెటకారమా? కాటికి కాళ్ళు చాపుకున్న వయసులో ఇదేం బుద్ధి? నడు ఇక్కణ్ణించి!"

రెక్కల కుర్రాడు ఆయన మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాకా లాక్కుపోయాడు. టై పక్కకి జరిగింది.

ఆయన దాన్ని సరిచేసుకున్నాడు. వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయాడు. అంతలో కొడుకు భుజం మీద పడి ఉన్న తల్లి చెయ్యి కనిపించింది. ఆగి ఉన్న బస్సెక్కేశాడు.

"అమ్మా, నా తరఫున మాట్లాడావు" అన్నాడు కొడుకు.

"నోర్ముయ్. ఆ కిరీటం చూడు, ఎలా వంకరపోయిందో" అంటూ ఆమె మునివేళ్ళ మీద లేచి సర్దింది.

అప్పుడొచ్చింది, అందరూ పెద్దక్క అని పిలిచే సంఘం అధ్యక్షురాలు. ఆయాసపడుతోంది.

"రైల్వే స్టేషనంతా గాలించాను, కనబళ్ళేదు. ఆయన నేరుగా ఇక్కడికేమైనా వచ్చేశారా? ఇవాళ మొదటి అడుగు ఆయన చేతే వేయించాలని బతిమాలి రప్పించానే!"

"ఎవరక్కా? ఎలా ఉంటారు?" అంది ఈల పిల్ల.

"తెల్ల చొక్కా, నల్ల టై. ముసలాయన."

ఈల పిల్ల తలొంచుకుంది. రెక్కల కుర్రాడు బస్సు వెళ్ళిన వైపు చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

"మేమే తరిమేశాం. నేనైతే నోటికొచ్చినట్టు తిట్టాను" అంది తల్లి. "ఎవరమ్మా ఆయన?"

పెద్దక్క బెంచీ మీద కూలబడింది.

"ఈ వీధిలో మా అందరికంటే ముందు, తోడెవరూ లేకుండా నడిచిన మనిషమ్మా, ఎవరూ వేలెత్తి చూపకూడదని తెల్ల చొక్కా వేసుకుని, టై కట్టుకునే నడిచాడు, అయినా ఆ సాయంత్రం మూసిన ఇంటి తలుపు ఆయనకి ఈనాటికీ తెరుచుకోలేదు."