ఒకే భాష

"ఆ భాష మనకొద్దు" అంది మరదలు, బావ మాట పూర్తి కాకముందే.

మీటింగు గదిలో తలలన్నీ ఆమెవైపు తిరిగాయి. కంపెనీ యాప్ రెండు రకాల ఫోన్లలో నడుస్తుంది. ఒకదానికి బావ టీం రాస్తుంది, రెండోదానికి అతని భార్య చెల్లెలి టీం. ఒకే పని, రెండు భాషల్లో రెండుసార్లు. ఆ రెండూ వదిలేసి ఒకే ప్రోగ్రామింగ్ భాషకి మారదామా వద్దా తేల్చండని ఓనరు అందరినీ కూర్చోబెట్టాడు.

"ఎందుకొద్దు?" అన్నాడు బావ. "ఒకసారి రాస్తే చాలు, రెండు ఫోన్లలోనూ నడుస్తుంది. కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. పైగా బయట దానికున్నన్ని ఉద్యోగాలు ఇంక దేనికీ లేవు."

"స్లో."

"అది నిరుటి మాట. ఇప్పుడు చూడు."

ల్యాప్‌టాప్ అందరివైపూ తిప్పాడు. తెర మీద పేజీలు చకచకా మారాయి.

"కెమెరాతో పేచీ పెడుతుంది."

బావ రెండు ఫోన్లూ తీసి, ఒకదాని తర్వాత ఒకటి ఆమెకే గురిపెట్టి నొక్కాడు. ముడుచుకున్న మూతి రెండింట్లోనూ ఒకేలా పడింది. అందరూ నవ్వారు. ఓనరు కూడా.

"అయినా వద్దు బావా."

ఆఫీసులో ఆమె ఎప్పుడూ సర్ అనే పిలిచేది. అతనికి చిరాకేసింది.

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లా? కొత్తది నేర్చుకోడానికి ఒళ్లు వంగట్లేదని చెప్పెయ్, పోనీ."

ఆమె తల దించుకుంది. ఓనరు బల్ల మీద చరిచి, "మారుతున్నాం. ఖాయం" అని లేచిపోయాడు.

మెట్లు దిగుతుంటే బావకి కాస్త జాలేసింది.

"మాటొచ్చి అనేశాన్లే. ఆదివారం ఇంటికి రా, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తా. మీ అక్క కూడా సంతోషిస్తుంది."

"నాకు ఆ భాష వచ్చు బావా."

"వచ్చా! మరి వద్దని ఎందుకంత గింజుకున్నావ్?"

ఆమె మెట్టు మీదే నిలబడిపోయింది. కింద ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఒకే భాష అయితే ఒకే టీం చాలట. నిన్న ఓనరు నన్ను పిలిచి, ఉంచేది నా టీమేనని చెప్పాడు."