తోడుకో ముద్ద

"ఏం తింటాండావయ్యా?"

కుందుర్పి బస్టాండు హోటల్లో ఓబులేసు చేయి నోటి దగ్గరే ఆగిపోయింది. ముందు బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, చక్కెర టీ. ఎదురుగా భార్య మల్లీశ్వరి, చంకలో మర పట్టించిన కొర్రల మూట.

"రామాంజి పిలిస్తే ఊరికే వచ్చినా."

"రామాంజి పిలిస్తే సుగరు పోతాదా?"

బాణలి వెనక నుంచి హోటలు రామాంజి తల ఎత్తాడు. "నా మీద పెట్టొద్దక్కా. రోజూ ఆయప్పే వస్తాడు."

ఆమె విసురుగా ఇంటిదారి పట్టింది, వెనకే ఓబులేసు.

రెండు నెలల కిందట ఊళ్లో వైద్య శిబిరం పెడితే ఇద్దరూ రక్తం ఇచ్చారు. రిపోర్టుల కోసం అనంతపురం వెళ్లిన ఓబులేసు ముఖం వేలాడేసుకొని తిరిగొచ్చాడు.

"నాకు సుగరంట. నీకేం లేదు. మూడు నెలలు తిండితోనే చూద్దామన్నాడు డాక్టరు. తగ్గకుంటే మాత్రలు."

షుగరుతో కాలు పోగొట్టుకున్న తల్లి గుర్తొచ్చింది మల్లీశ్వరికి. ఆ పూటే బియ్యం డబ్బా అటకెక్కించింది. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం కొర్రన్నం, సాయంత్రం సంగటి, ఆకుకూర పప్పు. మొదట్లో కొర్రన్నం గొంతులో ఇసుకలా అడ్డం పడేది. రాత్రే నానబెట్టాలని తెలిశాక మెత్తగా విచ్చుకుంది. వేరుశనగ పచ్చడి నంజుకుంటే ఇంకో ముద్ద తినాలనిపించేది ఆమెకే.

పెళ్లయినప్పటి నుంచి ఆమె తిండి అందరి తర్వాతే, గిన్నెలో మిగిలిందే. రెండేళ్ల కిందట రక్తం తక్కువగా ఉంది, రాగులు తినమని డాక్టరమ్మ చెబితే, "నా ఒక్కదానికి వేరే వంటా?" అని నవ్వేసింది. ఇప్పుడు ఓబులేసు ఊరుకోవడం లేదు.

"ఒక్కనికి ఈ గడ్డి దిగదే. తోడుకు నువ్వూ కూచో."

సాయంత్రం నడకకూ తోడు రమ్మంటాడు. ఈమధ్య అరికాళ్ల మంటలు తగ్గాయామెకు. కొత్త చెప్పుల గుణం అనుకుంది.

ఇల్లు చేరగానే కొర్రల మూట మూలకు విసిరింది.

"రేపట్నుంచి తెల్లన్నమే. నువ్వు దొంగతిండి తింటాంటే నేనెవరి కోసం వండాల ఈ కొర్రలు?"

ఓబులేసు ముఖం పాలిపోయింది. బజ్జీల దగ్గర దొరికినప్పుడు కూడా అంత భయపడలేదు.

"అంత మాట అనొద్దే. ఇంక హోటలు గడప తొక్కను."

"నోటి మాట నమ్మను. నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు."

ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ మీద ఒట్టు. పొయ్యి ముట్టిచ్చు. సంగటి కెలుకు."

"నీ పానం మీద నీకే తీపి లేదు."

ఓబులేసు మూలనున్న మూట తెచ్చి, చిరుగు పడిందేమోనని తడిమి చూసి, పొయ్యి పక్కన పెట్టాడు.

తర్వాత నెలంతా ఓబులేసు మాట తప్పలేదు. రామాంజి ఒకసారి వీధిలో నిలేశాడు. "ఏమప్పా, మా బజ్జీలు చేదైనాయా?" ఓబులేసు తల దించుకొని వెళ్లిపోయాడు.

మూడు నెలలు నిండగానే అనంతపురం పోయారు. ల్యాబులో ఓబులేసు మళ్లీ తోడు పాట మొదలుపెట్టాడు.

"సూదంటే నాకు బయం. ముందు నువ్వు ఇయ్యి, చూసి నేనిస్తా."

"ఇంత మీసముండి?" అంటూనే ఆమె చెయ్యి చాపింది.

డాక్టరు గదిలోకి అతను ఒక్కడే వెళ్లాడు. బయట కూర్చున్న మల్లీశ్వరి తల్లి కాలినే తలచుకుంటూ ఊరి దేవతలందరికీ మొక్కింది. అతను కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఆమె లేచి ఎదురెళ్లింది.

"ఏమన్నాడు?"

"తగ్గినాదంట. అంతా కాదు. ఇంగా ఇట్లే తినాలంట."

"తినకపోతే నేనిడిస్తానా?"

బస్సులో అతని జేబులోంచి రిపోర్టు లాక్కుంది. అంతా ఇంగ్లీషు. ఆమెకు రాదు. కళ్లకద్దుకుని, దేవుడి పటం వెనక పెట్టాలని మడిచి కొంగున ముడేసుకుంది.

కాగితం మీది పేరు మల్లీశ్వరిది.