ఎనిమిదింబావు

కర్నూలు పౌరసరఫరాల ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు సుచరిత, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదయ్యే సర్వర్ లాగ్‌ను మూడోసారి చదివింది. ఆ ఉదయం ఎనిమిదింబావుకు ఎవరో తన పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి, కోయిలకుంట్ల రేషన్ కార్డులు మూడు వందల నలభై డిలీట్ చేశారు.

ఎనిమిదింబావుకు తను ఓర్వకల్లు నుంచి కర్నూలు వచ్చే బస్సులో ఉంది. కానీ లాగ్‌లో ఉన్నది తన పేరు.

"ఆ టైముకు ఆఫీసులో ఉండేది మహానంది ఒక్కడే సార్" అంది ఆఫీసరుతో.

మహానంది పొద్దున్నే తాళాలు తీసే అటెండరు. "నాకు సంతకమే రాదు సార్. ఈడ కసువు ఊడ్చేది, నీళ్లు తెచ్చేది తప్ప ఆ మిషన్‌ను యేపొద్దూ ముట్టలా" అన్నాడు.

ఆఫీసరు వినలేదు. పోలీసు జీపు వచ్చింది.

వాళ్లకు ప్రింటు తీసివ్వడానికి సుచరిత మళ్లీ లాగ్ తెరిచింది. తను ఇప్పుడే తెరిచినట్టు చివరి వరుసలో పడింది. టైము పది గంటలు. గోడ గడియారంలో పదకొండుంబావు.

గంటంబావు తేడా. మొన్న సోమవారం ఎనిమిదిన్నరకు కొత్త సర్వర్ ఆన్ చేస్తూ, మొదటి ఎంట్రీ ఏడున్నరకు మొదలయ్యే రాహుకాలంలో పడకూడదని దాని గడియారాన్ని ఏడుంబావుకు తిప్పింది తనే. మళ్లీ సరిచేయడం మరిచిపోయింది.

అంటే ఆ ఎనిమిదింబావు నిజానికి తొమ్మిదిన్నర. ఇదే కుర్చీలో కూర్చుని, పరీక్షకు వేసిన ఉత్తుత్తి ఎంట్రీలనుకుని డిలీట్ కొట్టింది కూడా తనే.

గుమ్మం దగ్గర మహానంది వెనక్కి తిరిగాడు. "నువ్వన్నా చెప్పమ్మా, నేను కాదని. నిజమేందో ఆ మిషన్‌లోనే ఉండాది గదా!"

సుచరిత మానిటర్ ఆపేసింది.