తాబేలు మాస్టారి నీళ్ల పాఠం

చెరువు గట్టున తాబేలు మాస్టారు నీళ్ల పాఠాలు చెప్పేవారు. మట్టిమీద వాక్యం రాస్తే గోరింకపిల్ల గడగడా చదివేది, వెనకే బాతుపిల్లలు గొంతు కలిపేవి. అందరికీ చదువొచ్చేసిందని మాస్టారు మురిసిపోయేవారు.

ఒకరోజు ఎగువన చేపలు చచ్చి తేలాయి. మాస్టారు "నీళ్లలో విషం ఉంది, దిగకండి" అని గట్టున పెద్దగా రాసి, అవతలి గట్టువాళ్లకి చెప్పడానికి బయల్దేరారు.

ఆ రోజు గోరింకపిల్ల రాలేదు. బాతుపిల్లలు రాత ముందు నిలబడి, ఎవరైనా మొదలుపెడతారేమోనని చూశాయి.

"నిన్నటి పాఠమే అయ్యుంటుందిలే," అంది ఒకటి.

"మన చెరువు నీళ్లు చల్లన," అని అన్నీ ఒక్క గొంతుతో చదివి, నీళ్లలోకి దిగాయి.

మాస్టారు తిరిగొచ్చేసరికి చెరువులో అలికిడి లేదు. బుల్లి పాదాల గుర్తులు రాతను తప్పించుకుని, పక్కనుంచి నీళ్లదాకా వెళ్లాయి. అక్షరాన్ని తొక్కకూడదని ఆయనే నేర్పారు. అదొక్కటే అందరికీ వచ్చింది.