ధరకంటే ముందు మాట

మిక్సీ మొదలుకొని మంచం దాకా ప్రతి వస్తువూ తన యజమాని ఎవరో తానే చెప్పే రోజులవి. ఆ యజమాని తన నోటితో వదులుకుంటే తప్ప ఏదీ కొత్త చేతుల్లో పనిచేయదు. భార్య లాప్‌టాప్‌ని మూలన దుమ్ము పట్టించడానికి మనసొప్పక, ప్రశాంత్ గారు దాన్ని బెజవాడ పాతసామాన్ల సంతకు తెచ్చారు. హిమబిందు పోయి ఏడాదయింది. ఇక ఆ మాట ఎవరు చెప్పాలి? వచ్చినవాళ్ళంతా ధర అడిగి, బేరమాడి, చివర్లో తెరిచి చూసేవారు. "నేను హిమబిందు గారి దాన్ని" అని అది మూసుకుపోయేది. వాళ్ళు ఆయన్ని దొంగను చూసినట్టు చూసి వెళ్ళిపోయేవారు.

సాయంత్రం జోషిత అనే నర్సు వచ్చింది. "పాత కుక్కర్ ఒకటి తొందరపడి కొన్నానండీ. బియ్యం కడిగి పెట్టాక, నేను మీదాన్ని కానంటూ మొరాయించింది" అంటూ, ధర ఊసెత్తకుండా లాప్‌టాప్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ వెలిగించింది.

"నువ్వెవరి దానివమ్మా? నిన్ను తీసుకెళ్ళొచ్చా?" అని దాన్నే అడిగింది.

"హిమబిందు గారి దాన్ని. ధరకంటే ముందు ఈ మాట అడిగిన మనిషికే నన్ను ఇమ్మన్నారు. ఇకనుంచి మీదాన్ని."

ప్రశాంత్ గారికి నవ్వాగలేదు.

"బెండకాయైనా కొన తుంచి చూడందే కొనేది కాదమ్మా మా ఆవిడ. నాక్కూడా చెప్పలేదు చూశావా!"

"ఇంతకీ ఎంతకిస్తారు బాబాయ్ గారూ?"

"నన్నడుగుతావేంటమ్మా, దాన్నే అడుగు. ధర కూడా మా ఆవిడ చెప్పే వెళ్ళుంటుంది."