అక్క ఊపిరితిత్తిలో మచ్చ

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. మంచం మీద అమ్మమ్మ, కుర్చీలో మావయ్య, మూల కూర్చుని ముక్కు చీదుతున్న అక్క, ఎవరికీ అడ్డం రాకుండా బీరువా పక్కన చిట్టి.

నిన్న తీసిన ఎక్స్‌రేలో అక్క ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. అది ఏమిటో తేలితే తప్ప ఎల్లుండి ఉద్యోగంలో చేర్చుకోరు.

మావయ్య ఆ బొమ్మను ఫోన్‌లో నలభై మంది చుట్టాలకు పంపాడు. నలభై జబ్బులు తిరిగొచ్చాయి.

ఎవరో తలుపు తట్టారు. చేతిసంచీతో ఒకావిడ.

“మేమేం కొనం,” అన్నాడు మావయ్య.

“అమ్మడానికి రాలేదండీ. అమ్మాయి ఎక్స్‌రే గురించి. నేను...”

“అప్పుడే మీదాకా పాకిందా! మీరు ఏ కషాయం తాగమంటారు?”

“కషాయం వద్దు, కంప్యూటర్ చాలు. సీడీ ఇచ్చారుగా?”

“చూడనివ్వరా, కొరుక్కుతింటుందా ఏం!” అంది అమ్మమ్మ.

చిట్టి మెల్లగా వచ్చి సీడీ పెట్టింది.

ఆవిడ కిటికీ తెర లాగింది. “ఫోన్‌లో పంపితే బొమ్మ నలిగిపోతుంది. నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయలన్నీ ఇందులోనే ఉంటాయి. మనకు కావలసినవి పైకి తేవాలంతే.”

మౌస్ జరిపింది. ఎముకలు వెలిగాయి, మసకబారాయి. మచ్చను పెద్దది చేసింది. అందులో పాయలు తేలాయి. ఒకదాని మీదుగా ఒకటి, మూడు. అవి భుజం దాటి పైకి పోయాయి.

“లోపలి మచ్చ ఒంటి బయటికెలా వచ్చిందే?” అంది అమ్మమ్మ.

“జడ!” అని అరిచింది చిట్టి. తన గొంతుకు తనే ఉలిక్కిపడింది.

“ఓసి నీ జడ బంగారం కానూ!” అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అక్క ఏడుస్తూనే నవ్వింది.

“తీసేముందు జడ పైకి ముడేయించాలి. తీసినావిడ మరిచిపోయింది,” అందావిడ.

నలభై మందికి ఇప్పుడేం చెప్పాలో తెలియక మావయ్య ముఖం మాడ్చుకున్నాడు. “అలాంటివాళ్ళని ముందు ఉద్యోగంలోంచి పీకెయ్యాలి!”

“నిజమేనండీ.”

“మీరు మాత్రం? తగుదునమ్మా అని వచ్చి డాక్టర్లకే పాఠాలు చెబుతారా? సంతోషం, వెళ్ళిరండి.”

ఆవిడ చెప్పులు తొడుక్కుంటూ అక్క వైపు తిరిగింది. “రేపు పొద్దున్నే వెళ్ళు తల్లీ, మళ్ళీ తీస్తారు. ఈసారైనా ఊపిరి బిగబట్టమన్నప్పుడు కిసుక్కున నవ్వకు.”

“నేను నవ్వానని ఈవిడకెలా తెలుసు? ఆ గదిలో నేనూ, అద్దం వెనక మాస్కు కట్టుకుని ఎక్స్‌రే తీసినావిడా తప్ప ఇంకెవరూ లేరే!” అంటూ అక్క లేచేసరికే, మావయ్య ఆవిడ ముఖం మీదే తలుపు వేసేశాడు.