రంగు రాని నీళ్లు

గాజు గొట్టంలోని నీళ్లకు మళ్లీ రంగు రాలేదు.

తాతయ్య గొట్టాన్ని ఎండకెత్తి పట్టుకున్నారు. పరీక్ష మందు చుక్క పడగానే, రెప్పపాటు గులాబీ రంగు మెరిసినట్టే మెరిసి మాయమైంది. మిగిలింది తేటనీరు. పెరట్లో కొత్తగా కట్టిన ఈతకొలనులో క్లోరిన్ ఉంటే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరగాలి. తిరగలేదంటే లేనట్టే.

నిన్న సాయంత్రం నుంచి క్లోరిన్ పొడి వేస్తూనే ఉన్నారు. వేసిందంతా ఏమవుతోంది?

కాలేజీలో జీవితమంతా రసాయనశాస్త్రం బోధించిన మనిషి. క్లోరిన్‌ను ఇంత ఆబగా మింగేస్తున్నదంటే నీళ్లలో ఏదో ఉంది. కంటికి కనిపించనిది. ప్రాణమున్నది.

కిందటి వేసవిలో అలాంటి నీళ్లే మనవరాలి కడుపులోకి పోయాయి. క్లబ్బు కొలనులో ఈది వచ్చిన పిల్ల వాంతులతో ఆసుపత్రి పాలైంది. సెలైన్ సూది గుచ్చిన ఆ చిట్టి చెయ్యి ఇప్పటికీ ఆయన కళ్లముందు కదులుతూనే ఉంది. అందుకే ఇంట్లోనే కొలను కట్టించారు. నీళ్ల పూచీ నాది, ఇందులో ఎవరూ వేలు పెట్టవద్దని ఆయనే పట్టుబట్టారు.

నిన్న ఆయన మొదటి డబ్బా వేస్తూండగానే, మనవరాలు తన ఎర్ర గౌను బొమ్మకు తాడు కట్టి, నిచ్చెన కింద నీళ్లలోకి వదిలింది. "నువ్వు ముందు ఈత నేర్చేసుకోవే" అని దానికి ముద్దు కూడా పెట్టింది. అన్నమైనా, చేదు మందైనా, ముందు బొమ్మకు ముట్టాకే ఆ పిల్లకు.

"మామయ్యా, ఘాటు వంటింటి దాకా కొడుతోంది. పొడి ఎక్కువైందేమో!" కోడలు ముక్కు మూసుకుని వచ్చింది.

"అక్కడే పొరబడతారమ్మా అందరూ. కొలను వాసనేస్తోందంటే క్లోరిన్ చాలలేదని అర్థం. ఈ వయసులో నాకు పాఠం చెప్పకు."

"పాఠం సంగతి సరే, మీ కళ్లు అద్దంలో చూసుకున్నారా? చింతనిప్పుల్లా ఉన్నాయి."

"నిద్ర లేక."

మరో డబ్బా మూత తీశారు. తొందరలో కొంత పొడి గట్టు మీద ఒలికింది. మోటారు వేసి, నీళ్లు బాగా కలిసేదాకా కాలుగాలిన పిల్లిలా గట్టు చుట్టూ తిరిగి, మళ్లీ పరీక్షించారు.

ఒక మెరుపు. ఆపై తేటనీరు.



"తాతా! దూకనా?" ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే మనవరాలు ఈతబట్టలతో పరుగెత్తుకొచ్చింది.

"వద్దు! అక్కడే ఆగు!"

"ఇవాళ నా పుట్టినరోజు, దూకమన్నది నువ్వేగా! పో, నీతో కచ్చి!" పిల్ల పెదవులు వంకర తిరిగాయి.

"పోనీ, కాళ్లన్నా తడుపుకోనివ్వండి మామయ్యా," అంది కోడలు. "మీ లెక్క ప్రకారం అందులో మందే లేదాయె. కుళాయి నీళ్లు కాళ్లనేం చేస్తాయి?"

తర్కంలో లోపం కనిపించలేదు. తాతయ్య తలూపారు.

"మోకాళ్ల దాకానే. చుక్క నోట్లోకి పోయిందో, ఊరుకోను!"

పిచ్చుక చెంగున వెళ్లి నిచ్చెన పక్కన గట్టు మీద చతికిలబడింది. పాదాలు నీటికి అంగుళం పైన ఆడుతున్నాయి.

"ఉండు తాతా. నీళ్లు బాగున్నాయో లేదో ముందు దీన్నడగాలి," అంటూ వంగి తాడు లాగింది.

నిన్న ఎర్ర గౌనుతో దిగిన బొమ్మ, పాలలాంటి తెల్ల గౌనుతో పైకి వచ్చింది. గొట్టంలోని గులాబీ రంగును చెరిపేసిందీ ఆ పొడే.